మా పికప్ బండి మరమ్మతు, శ్రావణం బుకింగులు: మా ఖాతాదారులకు వివరణ

ఇంట్లో ఏ శుభకార్యం తలపెట్టినా షామియానాకు, కుర్చీలకు, వంటపాత్రలకు విజయవాడ సింగ్‌నగర్‌లోని మా దుకాణానికే మొదట ఫోను చేసే కుటుంబాల కోసం ఇది రాస్తున్నాను. వైశాఖంలో మంగళగిరి పెళ్లికి వెళ్లవలసిన వంటసామాను ఆలస్యమైన సంగతి మీలో చాలామందికి తెలిసింది. కొందరు నేరుగా నన్నే అడిగారు, వారికి జరిగింది చెప్పాను. కొందరు అడగలేదు. "ఆ డొక్కు బండిని నమ్ముకుంటే ముహూర్తం దాటిపోతుంది" అని తమలో తాము అనుకున్నారు, ఆ మాట నలుగురి నోళ్లు తిరిగి నా దాకా వచ్చింది. విని బాధపడ్డాను. శ్రావణం ముహూర్తాలకు మా దగ్గర అడ్వాన్సు కట్టినవారికి బండికి ఏమైంది, దానికి ఏం చేయించాం, ఇకపై మీ సామాను ఎలా చేరుతుంది అన్నది నా నోటి నుంచే తెలియడం న్యాయం.

మాది 2013 మోడల్ డీజిల్ పికప్. 2018లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. అంతకుముందు అది కూరగాయల లోడ్లు తోలిన బండి. తయారుచేసిన కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు, ఎందుకంటే జరిగినదానిలో ఆ కంపెనీ తప్పు ఏమీ లేదు.

గత చలికాలం చాలావరకు శుక్ర మౌఢ్యంలోనే గడిచింది, పెళ్లిళ్లు లేవు. ఫాల్గుణంలో పనులు మొదలయ్యే ముందు క్లచ్ పెడల్ బాగా పైకి వచ్చి పట్టుకుంటోందని డ్రైవరు చెప్పగానే సెట్టు మొత్తం మార్పించాను. సెట్టు అంటే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్. సామానుకు ₹8,200, కూలీ ₹2,500 అయింది. మాలాగా ఇనుప పైపులు, గుండిగలు మోసే బండికైనా మంచి సెట్టు ఏళ్ల తరబడి వస్తుంది. ఇది వైశాఖం దాటలేదు. పెళ్లికి ముందురోజు సాయంత్రం బెంజి సర్కిల్ దాటి కనకదుర్గ వారధి ఎక్కుతుండగా ఇంజన్ అరుస్తోంది గానీ బండి ముందుకు కదలడం లేదు. కాలిన వాసన క్యాబిన్ నిండిపోయింది. అద్దె బండి దొరికి, సామాను అందులోకి ఎక్కించి మంగళగిరి చేర్చేసరికి అర్ధరాత్రి దాటింది. వంటవాళ్లు అప్పటిదాకా ఖాళీ పొయ్యిల ముందు కూర్చున్నారు, తెల్లవారి టిఫిన్ల వడ్డన ఆలస్యమైంది. ఆ ఇంటివారికి రవాణా ఖర్చు, పాత్రల అద్దె రెండూ పూర్తిగా తిరిగి ఇచ్చాను. వారు వద్దన్నా ఇచ్చాను.

మరునాడు ఆటోనగర్‌లో గేర్‌బాక్సు దింపినప్పుడు నేను దగ్గరే ఉన్నాను. ఆ ప్లేటును చేతిలోకి తీసుకుని చూశాను. రెండు వైపులా ఉండవలసిన రాపిడి పొర ఒకవైపు సగం ఊడిపోయి ముక్కలుగా రాలింది. రివెట్లు వాటి స్థానంలోనే ఉన్నాయి, వాటి చుట్టూ పొర మాత్రం చిరిగి ఊడి వచ్చింది. ఫాల్గుణంలో సెట్టు వచ్చిన పెట్టెను మా దుకాణంలోనే ఉంచాను కాబట్టి, వేరేచోట కొన్న అసలు సెట్టు పెట్టెను దాని పక్కన పెట్టి పోల్చాను. పార్టు నంబరు ఒకటే, గరిష్ఠ ధర ముద్ర ఒకటే. అయితే అసలు పెట్టె మీది హోలోగ్రాము వెలుతురులో తిప్పితే రంగులు మారింది, దీనిది వట్టి వెండి కాగితం. అసలు ప్లేటు మీద నంబరు ఇనుములో గుద్ది ఉంది, దీని మీద సిరాతో అచ్చువేశారు, గుడ్డతో తుడిస్తే చెదిరిపోయింది. అంటే మాకు అమ్మింది నకిలీ సెట్టు.

ఆ ప్లేటు, ఆ పెట్టె రెండూ పట్టుకుని, ఆ సెట్టు అమ్మిన స్పేర్ పార్టుల దుకాణానికి వెళ్లాను. ఎన్నో ఏళ్లుగా ఫిల్టర్ల దగ్గర నుంచి బేరింగుల దాకా అక్కడే కొంటున్నాను, ఒక్కనాడూ బాకీ పెట్టలేదు. దుకాణం యజమాని ప్లేటును కౌంటరు మీద పెట్టించుకోవడానికి కూడా ఇష్టపడలేదు. "గురువుగారూ, మీరు వేసే లోడుకి ఏ ప్లేటైనా అంతే" అన్నారు. నేను వినకపోయేసరికి ఇంజన్ వెనకవైపు ఆయిల్ సీలు కారి, నూనె తగిలి ప్లేటు పాడైందని మాట మార్చారు. నూనె కారి ఉంటే ఆ మాట నిజమయ్యేదే. జిడ్డు పట్టిన ప్లేటు జారుతుంది, కాలుతుంది, అందులో సందేహం లేదు. అందుకే తిరిగి వచ్చి మా మెకానిక్‌ను అడిగాను. ఆయన ఏమీ వాదించకుండా క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగు లోపల వేలితో గట్టిగా రాసి ఆ వేలు నా ముందు పెట్టారు. నల్లటి పొడి తప్ప జిడ్డు లేదు. "సీలు కారితే ఇక్కడ ముద్ద కడుతుంది అన్నగారూ, చూడండి, ఎండిపోయి ఉంది" అన్నారు. క్లచ్ ప్లేటు ఆనుకునే ఫ్లైవీలు మీద కూడా నూనె మరక లేదు.

ఈ విషయం మీద మీకు ఇంత రాస్తున్నది డబ్బు పోయినందుకు కాదు. సెట్టు ఖరీదు నాకు భారమే, అయినా భరించగలను. నా ఖాతాదారుడి పెళ్లి ఇంట్లో పొయ్యి ఆలస్యంగా వెలగడానికి కారణమైన వస్తువును అమ్మిన మనిషి, తన సరుకును కనీసం తిప్పి చూడకుండా నా లోడు మీదికి, నా బండి మీదికి తోసేశారు. అదే నేను మరచిపోలేకపోతున్నాను. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం ప్రకారం నకిలీ గుర్తుతో సరుకు అమ్మడం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష పడగల నేరం. స్వయం ఉపాధితో బతికేవాడు జీవనోపాధి కోసం కొన్న వస్తువైతే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్‌కు వెళ్లవచ్చని న్యాయవాదులైన మిత్రులు కూడా చెప్పారు. ఆ దుకాణంలో అందరికీ ఇచ్చేది కచ్చా చీటీయే. దాని మీద దుకాణం పేరు గానీ జీఎస్టీ నంబరు గానీ ఉండవు. పెళ్లిళ్ల రోజుల్లో ఆ చీటీ పట్టుకుని తిరగడం కన్నా మీ పనులు చూసుకోవడం ముఖ్యమనుకున్నాను. ఆ దుకాణం గడప మళ్లీ తొక్కలేదు, తొక్కను. ఇప్పుడు మా బండికి వేసే ప్రతి వస్తువుకూ పార్టు నంబరు రాసిన పక్కా బిల్లు తీసుకుంటున్నాం, విప్పిన పాత వస్తువును కొత్తది కుదురుకునేదాకా పారవేయడం లేదు. మీలో సొంత బండ్లు ఉన్నవారికీ నా సలహా ఇదే. ముఖ్యంగా క్లచ్, బ్రేకు, బేరింగు సామాను విషయంలో పెట్టెను చూసి తృప్తిపడకండి, లోపలి వస్తువు మీద గుద్దిన నంబరు చూడండి.

క్లచ్ మార్చేటప్పుడే అసలు చిక్కు బయటపడింది. కొంతకాలంగా ఉదయం పూట బండి ఒక పట్టాన స్టార్ట్ కావడం లేదు, వెనక నీలం పొగ కనిపిస్తోంది, ఇంజన్ ఆయిలు తరచుగా పోయవలసి వస్తోంది. బండి ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీస్తే లోపలి నుంచి పొగ గుప్పుమని కొడుతోంది. మెకానిక్ ఒక్కో సిలిండరుకూ గేజి పెట్టి ప్రెషరు చూశారు. మూడో సిలిండరు మిగతావాటి కన్నా బాగా తక్కువ చూపింది. ఇంజన్ బోరుకు వచ్చిందని తేల్చారు. ఏళ్ల తరబడి పిస్టన్లు పైకీ కిందికీ ఆడి సిలిండరు గోడలు అరిగిపోయాయి, రింగులు వాటిని ఆనుకోవడం లేదు, మంట ఒత్తిడి కిందికి జారిపోతోంది, నూనె పైకి ఎక్కి కాలిపోతోంది. ఆ స్థితిలో ఇంకొంతకాలం నడపవచ్చు, అయితే ఎక్కడ ఆగిపోతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంజన్ చేయించాలా, బండి అమ్మి కొత్తది కొనాలా అన్న ప్రశ్న అక్కడ మొదలైంది. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చి ఒక నెలపాటు ముహూర్తాలు లేకపోవడంతో ఆ నెలంతా ఇంట్లో ఇదే చర్చ.

మా అబ్బాయి కొత్త బండి వైపు. వాడి వాదన తీసిపారేయదగినది కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సరకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, కాబట్టి కొనడానికి ఇదే అదను అన్నాడు. కొత్త బండికి వారంటీ ఉంటుందని, గుమ్మం ముందు ఆగినప్పుడు చూసేవారికి నమ్మకం కలుగుతుందని కూడా అన్నాడు. అవన్నీ నిజమే. షోరూముకు వెళ్లి కూర్చున్నాం, రేటు వేయించుకున్నాం. మాకు కావలసిన పొడవు ట్రాలీతో బండి రోడ్డెక్కేసరికి పది లక్షలకు అటూ ఇటూ అవుతుంది. ఎనిమిది లక్షలు అప్పు తీసుకుని పదకొండు శాతం వడ్డీతో నాలుగేళ్లు కట్టాలంటే నెలకు దాదాపు ₹20,700 వాయిదా, మొత్తం మీద వడ్డీయే ₹1,90,000 పైన. నెల నెలా ఆదాయం వచ్చే వ్యాపారానికి ఇది పెద్ద బరువు కాకపోవచ్చు. మాది ముహూర్తాల వ్యాపారం. ఆషాఢంలో పని ఉండదు, భాద్రపదంలో ఉండదు, పుష్యంలో ఉండదు, మౌఢ్యం వస్తే వరసగా నెలలు ఖాళీగా పోతాయి. మూఢం వచ్చిందని ఫైనాన్సు వాళ్లు వాయిదా ఆపరు. ఆ వాయిదా కట్టడానికి నేను చేయగలిగింది రెండే: మీ అద్దెలు పెంచడం, లేదా కుర్రాళ్లలో ఇద్దరిని మాన్పించడం. రెండూ నాకు ఇష్టం లేదు.

మరో సంగతి కూడా ఆలోచించాను. మా బండి పొగ కాలుష్య నిబంధనల్లో బీఎస్-3 కాలం నాటిది. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. గాలికి ఆ బండ్లు మంచివి, దానిని కాదనను. అయితే వాటిలో సెన్సార్లు, పొగను శుద్ధి చేసే యంత్రాంగం ఎక్కువ. ఏదైనా లోపం వస్తే స్కానరు తగిలించనిదే తెలియదు, సర్వీసు సెంటరు వారు తేదీ ఇచ్చేదాకా బండి అక్కడే ఉంటుంది. మా ఇంజనుకు ఉన్నది మెకానికల్ పంపు, ఆటోనగర్‌లో దాన్ని విప్పి బిగించగల పనివారు వీధికి ఒకరు దొరుకుతారు. రేపు ముహూర్తం ఉందంటే రాత్రంతా కూర్చుని పని పూర్తిచేసి ఇచ్చేవారు నాకు అక్కడ ఉన్నారు.

లెక్కలకు అందని కారణం కూడా ఒకటి ఉంది, దాన్ని దాచను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు మా గోడౌనులో కుర్చీలు, పందిరి గుడ్డలు, పరుపులు చాలావరకు పోయాయి. బండి సీట్ల దాకా మునిగింది. నీళ్లు తీశాక తొందరపడి స్టార్ట్ చేయకుండా, తాడు కట్టి ఆటోనగర్‌కు లాగించాం. సిలిండర్లలో నీరు ఉండగా సెల్ఫు కొడితే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఇంజన్, గేర్‌బాక్సు, వెనక ఇరుసు హౌసింగు మూడింటిలోనూ నూనె నీటితో కలిసి టీ రంగులో బయటికి వచ్చింది. అన్నీ కడిగించి, వైరింగు మార్పించి, చక్రాల బేరింగులకు కొత్త గ్రీజు పట్టించాక అది మళ్లీ నడిచింది. ఆ ఏడాది కార్తీకంలో అప్పు తెచ్చిన కుర్చీలను మీ ఇళ్లకు చేర్చింది ఆ బండే. దాన్ని ఇనుము రేటుకు అమ్మడానికి నా మనసు ఒప్పుకోలేదు. మొండితనమని ఇంట్లోవాళ్లు అన్నారు, అనుకోనివ్వండి. అయితే మొండితనంతోనే నిర్ణయం తీసుకోలేదని పైన రాసిన లెక్క చెబుతుంది.

ఆషాఢం రాగానే ఇంజన్ దింపించాం. లైనర్లు, పిస్టన్లు, రింగులకు ₹18,000, లేతు మీద బ్లాకు పనికి, క్రాంకు గ్రైండింగుకు ₹6,500, క్రాంకు బేరింగులకు ₹5,000, హెడ్డు విప్పి వాల్వులు కూర్చోబెట్టడానికి ₹9,000 అయ్యాయి. గాస్కెట్లు, ఆయిల్ పంపు, ఫిల్టర్లు, నూనెలు కలిపి ₹12,000. డీజిల్ పంపు కాలిబ్రేషనుకు, నాజిళ్లకు ₹14,000. ఇంజన్ దింపి ఎక్కించిన కూలీ ₹15,000. మొత్తం ₹79,500. దీనికి వైశాఖంలో వేయించిన రెండో క్లచ్ సెట్టు కూలీతో సహా ₹11,900, పూడుకుపోయిన రేడియేటరు పనికి ₹6,000, బ్రేకులకు ₹7,800, ఇనుప పైపుల బరువుకు విరిగిన కమాన్ కట్టల పట్టీలకు ₹5,500 కలిపితే ₹1,10,700 అయింది. కొత్త బండికి ఒక ఏడాది కట్టవలసిన వాయిదాల్లో ఇది సగం కన్నా తక్కువ. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. అది, ఇన్సూరెన్సు, పొల్యూషన్ పత్రం అన్నీ చెల్లుబాటులో ఉన్నాయి. అడిగినవారికి చూపిస్తాం.

బండికి రంగు మాత్రం వేయించలేదు. ట్రాలీ అంచుల తుప్పు గీకించి రెడాక్సైడు కొట్టించాం, అంతే. డొక్కు అన్నవారి కోసం పెయింటుకు పెట్టగల డబ్బును బ్రేకులకు పెట్టాను. మీ గుమ్మం ముందు ఆగినప్పుడు పాతదిగానే కనిపిస్తుంది.

ఇక మీకు సంబంధించిన విషయాలు. బోరు చేసిన ఇంజనుకు మొదటి వెయ్యి కిలోమీటర్లు పూర్తి లోడు వేయకూడదు, గంటకు యాభై దాటించకూడదు, ఆ తరువాత నూనె మార్చాలి. అందుకని శ్రావణం పనులకు మా బండిలో సగం లోడే వెళుతుంది. మిగతా సగానికి గొల్లపూడి నుంచి ఒక బండిని నెలవారీగా మాట్లాడి పెట్టాం. రెండు బండ్లు వచ్చినా మీరు ఇచ్చేది ఒక బండి రవాణాయే, ఇప్పటికే మాట్లాడుకున్న రేటులో మార్పు లేదు. వంటపాత్రలు, గ్యాసు పొయ్యిలు ముందురోజు మధ్యాహ్నమే బయలుదేరతాయి, షామియానా, కుర్చీలు వాటి తరువాత. అలాగైతే దారిలో ఏం జరిగినా వంటకు ఇబ్బంది ఉండదు. ఒప్పుకున్న వేళకు పాత్రలు చేరకపోతే రవాణా ఖర్చు మేమే భరిస్తాం, మీరు అడగవలసిన అవసరం లేదు.

మంగళగిరి, తాడేపల్లి, గన్నవరం, ఇబ్రహీంపట్నం వైపు పనులు ఎప్పటిలాగే ఒప్పుకుంటున్నాం. నూజివీడు, తెనాలి, గుంటూరు పనులను మాత్రం ఇంజన్ కుదురుకునేదాకా కొత్తగా తీసుకోవడం లేదు. ఆ ఊళ్లకు ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారి సామాను అద్దె బండిలో వస్తుంది, అదనపు ఖర్చు మాదే. ఎవరైనా మనసు మార్చుకుని వేరే సప్లయర్స్ దగ్గరికి వెళ్లదలిస్తే అడ్వాన్సు పూర్తిగా తిరిగి ఇస్తాం, కారణం అడగం. ఉండేవారు మాత్రం గుండిగలు, బేసిన్లు, కుర్చీల సంఖ్య ఆషాఢ అమావాస్యలోగా చెబితే ఏది ఏ బండిలో వేయాలో ముందే విభజించి ఉంచుతాం. దుకాణం ఉదయం ఎనిమిది నుంచి తెరిచే ఉంటుంది, బండి కూడా ముందే నిలబడి ఉంటుంది. మూత తీసి చూడాలనుకున్నవారు వచ్చి చూడవచ్చు.